చివరి సీనుకి మిగిలిన ఛార్జ్

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో ఫోనెత్తడానికి నేను కాక ఇంకెవరున్నారు?

…ఎవరూ? కాస్త గట్టిగా చెప్పండి. పక్కన కుక్కర్ బుసకొడుతోంది, వినపడట్లేదు…

ఓహో. ఎవేలియో.

బానే ఉన్నాను… బానే ఉన్నానన్నాను కదా, ఎన్నిసార్లడుగుతావ్? విడాకులైన ఈ పధ్నాలుగు నెలల్లో నా ఒంట్లో ఎలా ఉందని ఒక్కసారి అడగలేదు. ఇవాళ వరసగా రెండుసార్లడిగావంటే పనేదో పెద్దదే. చెప్పు.

…కరెంటా. అదా సంగతి. మీ వైపు ఎప్పుడు పోయింది?… పదింటికి. మళ్ళీ ఎప్పుడిస్తారట?… ఆరింటికి అన్నారంటే ఎనిమిదనుకో.

ఊఁ… ఊఁ… కంప్యూటర్లో ఛార్జ్ ఎంతుంది?

ముప్ఫై ఒకటి.

ఇప్పుడు టైము రెండున్నర. నాలుగింటికి రేడియో స్టేషన్లో రికార్డింగు. సీరియల్ ఆఖరి భాగం ఇవాళే కదా… నాకెలా తెలుసా? వింటాను మరి. ఎందుకు వినను? మంగళవారం, శుక్రవారం, ఒక్కటి వదలకుండా నూటపంతొమ్మిది భాగాలూ విన్నాను. చివర్లో అనౌన్సర్ "రచన: ఎవేలియో బర్రోసో" అన్నాకే రేడియో కట్టేస్తాను.

…ఏం లేదు. నవ్వలేదు. దగ్గొచ్చింది.

సరే, ఆ ముప్ఫై ఒకటిని గంటసేపు లాగాలి. అంతేగా? కంప్యూటర్ క్లబ్బులో ఇరవై రెండేళ్ళు ఇదే పాఠం చెప్పాను. ఊళ్ళో సగంమంది నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే. మా ఇంట్లోవాడు తప్ప.

కానీ ముందొకటి చెప్పు. దాన్ని పట్టుకుని ఇక్కడికెందుకు రావు? మాది ఆసుపత్రి లైను. ఊరంతా ఆరిపోయినా మాకు పోదని నీకు తెలుసు. మా హాలు చూస్తే నవ్వొస్తుంది — పదకొండు ఫోన్లు, రెండు ఛార్జింగ్ లైట్లు, మూడిళ్ళ కుక్కర్లు. వీధి వీధంతా ఇక్కడే ఛార్జింగ్ పెట్టుకుంటోంది. పార్కు దగ్గర్నించి నడిస్తే నీకు ఇరవై నిమిషాలు.

…మైలీన్‌కి నచ్చదా.

అవును మరి. కొత్త పెళ్ళాం మనసు కష్టపెట్టకూడదు. పాత పెళ్ళాన్ని ఫోన్లో వాడుకుంటే ఎవరికీ ఏ కష్టమూ ఉండదు.

…వెక్కిరింపు కాదు, ఉన్న మాటే. ఉన్న ఒక్క పెద్దిల్లూ ఇచ్చి రెండు చిన్నిళ్ళు మార్చుకున్నాం చూడు, ఆ రోజు నువ్వన్న మాట గుర్తుందా? ఎవరికేది అని అడిగితే క్షణం ఆగలేదు. బాల్కనీ ఉన్నది నాది అన్నావ్. రచయితకి వెలుతురు కావాలన్నావ్. నాకు మార్చురీ వెనకది మిగిలింది. పొద్దస్తమానం అంబులెన్సులు వింటూ కాలక్షేపం చెయ్యొచ్చులే అని నవ్వావ్ కూడా… గుర్తులేదా. నాకుంది.

ఆగు ఒక్క క్షణం — లోపలికి రండి పిన్నిగారూ. మీ చిక్కుడు గింజలు ఉడికినట్టే ఉన్నాయి, మూత మెల్లగా తియ్యండి, చెయ్యి కాలుతుంది… ఫోన్లో ఎవరా? ఎవరో లెండి, రాంగ్ నంబరు —

ఆ, చెప్పు… ఏం చెప్పమంటావ్ మరి ఆవిడకి? నా మాజీ మొగుడు ఛార్జింగ్ సలహా కోసం ఫోన్ చేశాడని చెప్పనా?

సరే సరే, అయిపోతోంది, తెలుసు. పద.

ముందు ఆ బాల్కనీలోంచి లే… నాకెలా తెలుసేంటి, ఇంకెక్కడ కూర్చుంటావ్? ఎండ పడితే తెర కనపడదు. కనపడట్లేదని వెలుతురు పూర్తిగా పెంచుతావ్. ఉన్న ఛార్జంతా దానికే పోతుంది. లోపలికెళ్ళి కిటికీ తలుపులు మూసుకో… ఉక్కపోస్తే పొయ్యనీ, గంటసేపేగా.

పైవరసలో సూర్యుడి బొమ్మ ఉన్న మీటలు రెండుంటాయి. చిన్న సూర్యుడు. నొక్కు. ఇంకా… అక్షరాలు కనపడుతున్నాయా? అయితే ఇంకా నొక్కు… ఆ. కళ్ళు చిట్లిస్తే కనపడేంత. చాలు.

వైఫై ఆపెయ్… కరెంటే లేనప్పుడు వైఫై ఎక్కణ్ణించి వస్తుంది నాయనా? అది ఊరికే వెతుక్కుంటూ ఉన్నది కాస్తా తినేస్తుంది. పక్కనే బ్లూటూత్. అదీ ఆపెయ్.

తెర మీద వెనకాల ఏం బొమ్మ ఉంది?… మారుతున్నాయా? ఎంతసేపటికోటి?… సముద్రం దగ్గర మైలీన్. తర్వాత?… టోపీ పెట్టుకుని మైలీన్. వద్దులే, అన్నీ చెప్పక్కర్లేదు. ఆ ఫోటోలు మారకుండా ఆపి, ఉత్త నలుపు పెట్టు. ఓ గంట ఆవిడ కనపడకపోతే ఏమీ అయిపోవులే.

ఇప్పుడు సెట్టింగ్స్‌లోకెళ్ళు. సిస్టమ్… పవర్… ఆ, అక్కడే. రెండు వరసలుంటాయి చూడు. తెర ఎంతసేపటికి ఆరాలి అని ఒకటి. మిషను ఎంతసేపటికి నిద్రపోవాలి అని ఒకటి. ఏముందక్కడ? చదువు.

"ఎప్పుడూ వద్దు."

రెండోది?… అదీ "ఎప్పుడూ వద్దు."

నేను పెట్టింది అది కాదే. ఎవరు మార్చారు?… నువ్వేనా. ఎందుకూ?…

ఏంటీ, మళ్ళీ చెప్పు.

ఎవరైనా వచ్చినప్పుడు తెర వెలుగుతూ ఉంటే రాస్తున్నట్టు ఉంటుందనా.

…లేదు, ఏమీ అనట్లేదు. నిజం చెప్పావ్, సంతోషం. పదకొండేళ్ళ కాపురంలో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

తెరకి ఒక్క నిమిషం పెట్టు. నిద్రకి ఐదు నిమిషాలు. అయిందా?… అదెలా పనిచేస్తుందో విను, మళ్ళీ కంగారుపడి ఫోన్ చెయ్యకు. నిమిషంపాటు నువ్వు ఏ మీటా ముట్టకపోతే తెర ఆరిపోతుంది. ఏదో ఒకటి నొక్కితే వెలుగుతుంది. టైప్ చేస్తున్నంతసేపూ ఆరదు. ఆలోచించుకుంటూ కూర్చుంటేనే ఆరుతుంది. నువ్వెలాగూ ఎక్కువసేపు ఆలోచనలోనే ఉంటావు కదా, బోలెడంత మిగులుతుంది.

ఇప్పుడెంత?… ఇరవై ఆరు. చాలు. గంట వస్తుంది. ఉంటాను మరి, రాసుకో.

…ఇంకేంటి?

ఎవేలియో, ఇంకేంటి? చెప్పు.

…ఎంత మిగిలింది రాయడానికి?… ఆఖరి సీనొకటే. అందులో ఎంతయింది?… ఎంతా?

"తలుపు చప్పుడు."

అంతేనా? ఆ రెండు మాటలు రాసి, మూడు రోజులుగా దాని ముందు కూర్చున్నావా?

మరి ఇంతసేపూ ఈ ఛార్జ్ గోల దేనికి? తలుపు చప్పుడు అని కాగితం మీద కూడా రాయొచ్చు. పెన్సిలుకి కరెంటక్కర్లేదు… చెప్పు… ఉహుఁ, నేను అనను. నీ నోటితోనే చెప్పు.

…ఆ. నేను రాసిపెట్టిన నోట్‌బుక్కు అయిపోయింది.

అదెంతదాకా ఉందో నాకు తెలియదా? నీలం అట్టది. కంప్యూటర్‌తో పాటు సంచిలో వేసుకుంటుంటే చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. ఎవరేమంటారో, ఎక్కడాగి ఎక్కడ ఏడుస్తారో, సీరియల్ మొత్తం అందులో ఉంది. ఆఖరి సీనొక్కటి రాయలేదు. రాసేలోపే నువ్వు సంచి సర్దుకున్నావ్.

…ఆలోచనలు ఇద్దరివీనా? సరే, నీదేదో ఒకటి చెప్పు… తుఫాను. అవును, ఒప్పుకుంటాను, తుఫాను నీదే. పదో భాగంలో తుఫానొచ్చి ఆంపారో మొగుడి పడవ మునిగింది. ఆ తర్వాత నూటతొమ్మిది భాగాలు ఆంపారో ఒక్కతే ఇల్లు నెట్టుకొచ్చింది. అత్తతో ఏం మాట్లాడిందీ, వంటింట్లో తనలో తను ఏం గొణుక్కుందీ, అవన్నీ నావి. ఇంతకుముందు సీరియల్‌కి హవానాలో నీకు బహుమతిచ్చారే, ఉత్తమ సంభాషణలని, ఆ సంభాషణలూ నావే. నువ్వు వేసుకెళ్ళిన చొక్కా ఇస్త్రీ కూడా నాదే.

నిన్న రొట్టెల క్యూలో ఆడాళ్ళందరిదీ ఒకటే మాట. ఈ బర్రోసో అనేవాడికి ఆడదాని మనసు ఎంత బాగా తెలుసమ్మా అని. నేను వాళ్ళ మధ్యలోనే సంచి పట్టుకుని నుంచున్నాను. ఏమనను? నేనే రాశానంటే పిచ్చిదనుకుంటారు. మొగుడు వదిలేశాక బుర్ర చెడిందనుకుంటారు. రొట్టె తీసుకుని ఇంటికొచ్చేశాను. కడుపు మండిపోయింది ఎవేలియో. నీకు చెప్పకుండా ఎవరికి చెప్పను, నీ మీదే కదా మంట.

…ఏడవట్లేదు. జలుబు.

సరే విను. నీకు ఆఖరి సీను కావాలి. ఇస్తాను… ఇస్తానన్నాను కదా. నీ కోసం కాదు, ఆంపారో కోసం. ఏడేళ్ళ కిందట పోయాడనుకున్న మొగుడొచ్చి తలుపు కొట్టాడు. ఆవిడ గడియ మీద చెయ్యేసింది. అక్కడ ఆపారు మంగళవారం. తీస్తుందా తియ్యదా అని ఊరంతా కొట్టుకుంటోంది… నువ్వేమనుకున్నావ్? వాటేసుకుని క్షమిస్తుందనా? అనుకునే ఉంటావ్. ఆవిడేమంటుందో నాకు మొదటి భాగం నుంచీ తెలుసు.

ఒకటే షరతు.

మొదటి పేజీకెళ్ళు. పేరు కింద "రచన: ఎవేలియో బర్రోసో" అని ఉంటుందిగా. దాని పక్కన "మరియు ఓడల్మీస్ కాంటిల్లో" అని టైప్ చెయ్యి. కాగితం మీద ఏది ఉంటే అనౌన్సర్ అదే చదువుతాడు. ఒక్కసారి. ఇన్నేళ్ళలో ఒక్కసారి నా పేరు రేడియోలో వినాలి నాకు.

…డైరెక్టరమ్మ అడిగితే సర్దిచెప్పుకో, నీకు కొత్తా?… మైలీన్ సంగతి నన్నడక్కు… ఆలోచించుకో. నాకేం తొందర లేదు, నాకు కరెంటుంది. నీకెంతుంది?… ఇరవై రెండు.

…రాస్తావా?

…రాస్తున్నావా. ఊఁ. మంచిది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో టైపు. మెల్లగానే కానియ్. నేను లైన్లోనే ఉంటాను.

మా అమ్మ గుర్తొస్తోంది తెలుసా. చుట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది కదా, అక్కడ మధ్యాహ్నం పూట సీరియల్ పెట్టేవాళ్ళట. రెండొందలమంది ఆడాళ్ళు చుట్టలు చుడుతూనే వినేవాళ్ళట. అయిపోయాక కూడా పేర్లు చదివేదాకా ఎవరూ నోరు మెదిపేవాళ్ళు కాదట. ఇంత ఏడిపించినవాళ్ళ పేరు వినకుండా లేవడం మర్యాద కాదనేది అమ్మ… ఊఁ, రాస్తుండు, రాస్తుండు, నేను ఊరికే చెప్తున్నాను. మన మొదటి సీరియల్ వచ్చేనాటికి అమ్మ బతికే ఉంది. నీ పేరు చదవగానే నా మొహంలోకి చూసింది. ఆవిడకి తెలిసిపోయింది. నేను వంటింట్లో అనే మాటలే కదా అవన్నీ. నీ పేరేదే అంది. ఇద్దరం ఒకటే కదమ్మా అన్నాను. ఒకటేనా అంది. అంతే, లేచెళ్ళి కాఫీ పెట్టుకుంది. నాకెంత కోపమొచ్చిందో. నా మొగుణ్ణి అంటావా అని వారంరోజులు అమ్మతో మాట్లాడలేదు. నీ కోసమే పోట్లాడాను ఎవేలియో. ఆ తర్వాత ఆరు నెలలకే పోయింది ఆవిడ.

ఇవాళ అమ్మ లేదు. అయినా ఫర్వాలేదు. ఏడింటికి రేడియో హాల్లో పెడతాను. పిన్నిగారినీ, పక్కవాళ్ళనీ కూర్చోమంటాను, ఛార్జింగ్‌కి ఎలాగూ వస్తారు. కాఫీ ఇస్తాను. పేరు చదివేటప్పుడు ఎటు చూడాలో కూడా తెలియట్లేదు నాకు, సిగ్గేస్తోంది…

అయిందా?… రాస్తున్నావా ఇంకా. సరే. ఇంటిపేరు కూడా పెట్టు, మర్చిపోకు.

…ఏమైంది?

కంగారుపడకు. పోలేదు. ఛార్జ్ అయిపోలేదు. ఏదో ఒక మీట నొక్కు… వెలిగిందా? మరింకేం. తెర ఆరింది, అంతే. ఇందాక మనం పెట్టిందే కదా, నిమిషంపాటు —

…

ఎవేలియో.

నిమిషంపాటు ఏ మీటా ముట్టకపోతేనే అది ఆరుతుంది.

…

ఇంతసేపూ రాస్తున్నా, రాస్తున్నా అన్నావ్. ఏ వేలితో రాస్తున్నావ్?

మాట్లాడు.

…వద్దు. ఇప్పుడు మొదలెట్టకు. ఇప్పుడు టకటకమని వినపడుతోంది. ఇందాక ఏమీ వినపడలేదు. పిచ్చిదాన్ని, అది కూడా పట్టించుకోలేదు. నేను మా అమ్మ సంగతి చెప్తుంటే నువ్వు చేతులు కట్టుకుని కూర్చున్నావ్. ఇదెప్పుడాపుతుందా అని చూస్తూ కూర్చున్నావ్.

రాశానని చెప్పి సీను చెప్పించుకుందామనుకున్నావ్. పట్టుకెళ్ళి ఇచ్చేద్దామనుకున్నావ్. ఏడింటికి రేడియోలో వచ్చేదాకా నాకు తెలియదు కదా. నలుగురినీ పిలిచి కూర్చోబెట్టుకుని ఉండేదాన్ని నేను. అవునా కాదా?… అవునను. ఒక్కసారి అను.

…ఆ.

…రాసేశావా? నిజంగానా? అయితే చదువు… "మరియు ఓడల్మీస్ కాంటిల్లో."

ఎంత వింతగా ఉందో. ఇన్నేళ్ళు కాచుకున్న మాట నీ నోట వింటుంటే ఒళ్ళు కంపరమెత్తుతోంది. చెరిపెయ్… చెరిపెయ్యమన్నాను. దొరికిపోయాక పెట్టే పేరు నాకొద్దు.

సీనా? నీకు చెప్పను.

…అరవకు. అరిస్తే పెట్టేస్తాను. ఛార్జ్ ఎంతుంది?… పధ్నాలుగు. సరే, చెప్పింది చెప్పినట్టు చెయ్. ఉన్న పేజీలన్నీ సేవ్ చెయ్… చేశావా. పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ చేసుకో… ఊఁ, నేనున్నాను, కానియ్… అయిందా. ఇప్పుడు మిషను పూర్తిగా ఆపెయ్. నిద్రపుచ్చడం కాదు, ఆపెయ్. నిద్రలో కూడా అది కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది, ఆ ముసలి బ్యాటరీ తట్టుకోదు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బయల్దేరు. స్టేషన్లో జనరేటరుంది, వాళ్ళే ప్రింటు తీస్తారు.

చివరి సీను నేను తెస్తాను.

…నేనే. చేత్తో రాసి. రెండు పేజీలుంటుంది, ఎంతసేపు? మూడింపావయింది. నాక్కూడా అది నడిచే దూరమే.

…రానివ్వకపోతే గేటు దగ్గర నుంచుంటాను. డైరెక్టరమ్మని బయటికి రమ్మని కబురు పెడతాను. ఒక్క పేజీ చదివి చూడమంటాను. పదకొండేళ్ళుగా ఆ మాటలు వింటున్న మనిషి ఆవిడ, ఎవరివో పోల్చుకుంటుందనే అనుకుంటున్నాను… పోల్చుకోకపోతే మడిచి చేతిసంచిలో పెట్టుకుని తిరిగొచ్చేస్తాను. సీరియల్ నీ తలుపు చప్పుడుతోనే అయిపోతుంది. ఏడింటికి ఊరంతా తిట్టుకుంటుంది. తిట్టుకోనీ.

…పరువా? ఎవరి పరువు?

…మన పరువు. ఇప్పుడు మనం అయ్యామా.

…లేదు, ఎవరితోనూ ఏమీ చెప్పను. నీ మీద ఒక్క మాట కూడా అనను. కాగితాలిచ్చి నుంచుంటాను. ఆ రెండు పేజీల మీద మాత్రం ఒకటే పేరుంటుంది.

…నాదే. నీది రాయను.

…కోపంతో కాదు ఎవేలియో. ఆ సీను నువ్వు రాయలేదు, అందుకని. పెట్టేస్తున్నాను.